సైనిక కుటుంబముల నివాసములు: నిలుకడగల విద్యుత్తు



పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దాపున మాధవరమను గ్రామము కలదు. తరతరములుగా ఆ యూరివారు సైన్యమున చేరుచుండుటచే దానికి "మిలిటరీ మాధవరము" అను పేరే స్థిరపడినది. అంత పేరు పొందకపోయినను, సైన్యమునకు బిడ్డలను పంపిన గ్రామములు మన తెలుగునాట ననేకములు గలవు. అట్టి గ్రామములందలి పెద్దలకు ఒక యనుభవము బాగుగ పరిచితము. కొడుకు సరిహద్దున నుండును. కోడలును మనుమలును ఎచ్చటనో కంటోన్మెంటులో, సర్కారువారి క్వార్టరులో నుందురు. వేసవికాలమున నొకనాటి రాత్రి టెలిఫోను మ్రోగును. "మామయ్యగారూ, సాయంత్రంనుంచి కరెంటు లేదండీ. చిన్నవాడికి జ్వరం. మోటారు ఆగిపోయి నీళ్లు కూడా రావడం లేదు. ఆయనతో మాత్రం చెప్పకండి" అని కోడలు పలుకును.

ఆమె చెప్పవద్దన్నను ఆ వార్త కొడుకునకు చేరక మానదు. మంచుకొండపై కాపలా కాయుచున్నవాని మనస్సు ఆ రాత్రి కాపలాపై నుండునా, జ్వరముతో నున్న బిడ్డపై నుండునా? కావున సైనికుని యింటి దీపము ఒక్క యింటి సంగతి కాదు. క్షేత్రస్థలములకు భర్తలు వెళ్లినప్పుడు భార్యాబిడ్డలు విడిగా నుండుటకై సికిందరాబాదు మొదలైన సైనిక కేంద్రములలో ప్రత్యేకముగా క్వార్టర్లు కేటాయింపబడుచుండును. ఇంట మగదిక్కు లేని ఆ కుటుంబములకు కరెంటు పోవుట మఱింత కష్టము. అది యేల పోవుచున్నదో, ఎట్లు నిలుకడపడునో, అందు మనవంటివారు చేయదగిన పని యేమో ఈ పూట విన్నవింతును.

కరెంటు పోయినప్పుడు మనకు మొదట తోచు మాట "దేశమున కరెంటు చాలదు" అనునది. ఒకప్పు డది చాలవఱకు నిజము. 2012వ సంవత్సరము జూలై 30, 31 తేదీలలో ఉత్తరదేశపు విద్యుద్వ్యవస్థ కుప్పకూలినప్పుడు కోట్లకొలది జనులు చీకటిలో నుండిరి. కాని తరువాతి కాలమున స్థితి మాఱినది. 2013 డిసెంబరు 31వ తేదీన దక్షిణ దేశపు విద్యుద్వ్యవస్థ మిగిలిన దేశముతో జోడింపబడెను. 2024 మే నెలాఖరున, మండువేసవిలో, దేశమంతటను ఒక్కసమయమున సుమారు 250 గిగావాట్ల విద్యుత్తును, అనగా 25 కోట్ల కిలోవాట్లను, సరఫరా చేయగలిగిరి. ఇంత యున్నను ఒక క్వార్టరులో దీపము ఆరుచున్నదన్నచో, లోపము చాలవఱకు మూలమునందు గాక చివరి మైలునందున్నదని గ్రహింపవలెను.

ఈ మాట మన రైతులకు చెప్పనక్కఱలేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. గోదావరి నిండుగ పాఱుచున్నను, పెద్దకాలువ నిండుగ నున్నను, శివారు పొలమునకు నీరందని సంవత్సరములు లేవా? అప్పుడు గోదావరిలో నీరు లేదని యెవ్వరును అనరు. బోదె పూడినదనియో, గట్టు గండిపడినదనియో, తూము చిన్నదనియో, పైవారు ఎక్కువ తోడుకొనుచున్నారనియో యందురు. విద్యుత్తు విషయమును అట్లే చూడవలెను. కంటోన్మెంటులో కుటుంబ క్వార్టర్లు సాధారణముగా శివారు పొలములవంటివి. ఆసుపత్రి, వార్తావిభాగము, ఆయుధాగారము మున్నగువానికి ముందు వరుస. అది న్యాయమే. కాని శివారుకు నీరు చేర్చుటయు కాలువ వాని ధర్మమే గదా.

ఇక కరెంటు వచ్చు త్రోవ చూతము. పెద్ద సబ్‌స్టేషనునుండి 33,000 వోల్టులతోగాని 11,000 వోల్టులతోగాని ఒక లైను కంటోన్మెంటు సరిహద్దువఱకు వచ్చును. అచ్చట మీటరుండును. అంతవఱకు ఆ రాష్ట్రపు విద్యుత్ పంపిణీ సంస్థవారి బాధ్యత. మీటరు దాటిన తరువాత లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, నేలలోని కేబుళ్లు, ఇంటింటి తీగలు సాధారణముగా మిలిటరీ ఇంజనీరు సర్వీసువారి యధీనమున నుండును. ఈ శాఖ 1923లో ఏర్పడినది. ట్రాన్స్‌ఫార్మరులో 11,000 వోల్టులు దిగి ఇంటికి 230 వోల్టులుగా చేరును.

ఈ రెండు చేతుల సంగతి తెలియనిదే ఫిర్యాదు సరియైన చోటికి పోదు. కరెంటు పోయినప్పుడు మొదట గోడకవతల ఊరిలో దీపములున్నవా అని చూడవలెను. ఊరంతయు చీకటియైనచో లోపము పైనున్నది. ఊరిలో వెలుగుచు కాలనీ యంతయు ఆరినచో లోపము మీటరు దగ్గఱనో, లోపలి 11,000 వోల్టుల లైనుపైననో యుండవచ్చును. ఒక్క బ్లాకే ఆరినచో ట్రాన్స్‌ఫార్మరునో, దానినుండి వచ్చు కేబులునో అనుమానింపవలెను. ఒక్క యిల్లే ఆరినచో ఆ యింటి ఫ్యూజు చూడవలెను. ఇంత మాత్రము చెప్పగలిగినను, బాగుచేయు వాడు వెదకుచు తిరుగు కాలము సగము తగ్గును.

లోపములలో మొదటిది తూము చిన్నదగుట. పాతకాలపు క్వార్టరులో నాలుగు 60 వాట్ల దీపములు, రెండు 75 వాట్ల ఫ్యానులు ఉండెననుకొందము. మొత్తము 390 వాట్లు. నేడు అదే క్వార్టరులో ఒక ఏ.సి. యంత్రము 1,500 వాట్లు, ఫ్యానులు 150, ఫ్రిజ్జి 150, దీపములు, టెలివిజను కలిసి 150 తీసికొనుననుకొందము. మొత్తము 1,950 వాట్లు. గీజరును, ఇస్త్రీ పెట్టెను, ఇండక్షను పొయ్యిని లెక్కలోనికి తేనేలేదు. దీపములు మునుపటికంటె పొదుపైనవి వచ్చినను, మొత్తము వాడుక అయిదు రెట్లయినది. తీగలో ప్రవాహము అయిదు రెట్లయినచో దానిలో పుట్టు వేడి అయిదు రెట్లు కాదు, ఇరువదియైదు రెట్లు. ఇది ప్రకృతి నియమము. నూఱిండ్లకు 39 కిలోవాట్లు చాలునని వేసిన కేబులు, ఒక వేసవి రాత్రి 195 కిలోవాట్లు మోయవలసి వచ్చిన నెట్లు నిలుచును?

తూము చాలనప్పుడు శివారులో వోల్టేజి పడిపోవును. 230 వోల్టులకు బదులు 180 వోల్టులే అందినచో, నీళ్లు కాచు హీటరు తన శక్తిలో నూటికి 61 పాళ్లు మాత్రమే పనిచేయును. ఫ్యాను నీరసముగ తిరుగును. ఫ్రిజ్జిమోటారు తిరుగలేక మూలుగుచు వేడెక్కి కాలిపోవును. ట్రాన్స్‌ఫార్మరు సంగతియు నంతే. దానిలోని కాగితపు కవచము మితిమీఱిన వేడికి పెళుసెక్కును. పరిమితి దాటిన పిదప వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల దాని యాయుర్దాయము సగమగునని ఇంజనీర్ల లెక్క. వేసవిలో ఒక్క రాత్రి కాలిన ట్రాన్స్‌ఫార్మరు నిజమునకు పలు వేసవులనుండి కాలుచునే యున్నదన్నమాట.

రెండవ లోపము పూడిక వంటిది. అనగా వదులైన అతుకు. నూఱు ఆంపియర్ల ప్రవాహము పోవు అతుకులో ఒక ఓములో ఇరువదవ వంతు అడ్డు ఉన్నను, ఆ చిన్న చోట అయిదువందల వాట్ల వేడి పుట్టును. ఒక చిన్న కరెంటు పొయ్యిని రేయింబవళ్లు అతుకుపై పెట్టినట్లే. రాగి తీగను అల్యూమినియము తీగతో తగిన సాధనము లేక నేరుగ మెలిపెట్టినచో తేమకు ఆ చోటు త్రుప్పుపట్టి అతుకు మఱింత చెడును. వేడిని చూపించు కెమేరాలు నేడు గలవు. లోడు హెచ్చుగ నున్న సాయంకాలమున వానితో చూచినచో చెడిన అతుకు ఎఱ్ఱగ కనబడును. తెగకముందే బిగించుటకు పావుగంట పట్టును. తెగిన పిమ్మట బాగుచేయుటకు ఒక రాత్రి పట్టును.

ఇందులో మిక్కిలి ప్రమాదకరమైనది న్యూట్రలు తీగ తెగుట. మూడు ఫేజుల కరెంటు ఇండ్లకు పంచునపుడు ఆ మూటికిని సమతూకము నిచ్చునది ఈ తీగయే. ఇది తెగినచో, తక్కువ వాడుకగల ఇండ్లకు 230 వోల్టులకు మించి, ఒక్కొక్కప్పుడు 400 వోల్టుల దాపువఱకు వచ్చును. దీపములు ఒక్కసారిగ మిరుమిట్లు గొల్పి, టెలివిజనులు, ఫ్రిజ్జిలు కాలిపోవును. ఇట్లు దీపము అకారణముగ మితిమీఱి వెలిగినచో ఒక్క క్షణమైన నాలోచింపక మెయిను స్విచ్చి కట్టివేయవలెనని మీ కోడండ్రకు చెప్పుడు. ఈ యొక్క మాట ఇల్లు కాపాడును.

ట్రాన్స్‌ఫార్మరును కనిపెట్టుటకు సామాన్యునకును ఒక గుఱుతు గలదు. దాని నూనెలోనికి తేమ పోకుండ గాలిని వడకట్టు చిన్న డబ్బా యుండును. చాలవాటిలో దానిలోని గుళికలు పొడిగ నున్నప్పుడు నీలముగను, తడిసినపుడు గులాబిరంగుగను ఉండును. కంచె వెలుపలనుండియే దీనిని చూడవచ్చును. గులాబిరంగు కనబడినచో ఫిర్యాదు వ్రాయుట నేరము కాదు, సేవ. కాని కంచె లోపల కాలు పెట్టరాదు.

మూడవది గాలివానల బాధ. దీనికి మన విశాఖపట్టణమే తార్కాణము. అది తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము. నౌకాదళ కుటుంబము లనేక మచ్చట నివసించుచున్నవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరముపైననే తీరము దాటెను. గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలికి స్తంభములు, చెట్లు పడిపోయి నగరము దినములతరబడి అంధకారమున మునిగెను. నావికుని యిల్లును, సామాన్యుని యిల్లును ఆ చీకటిలో ఒక్కటే. అటుపిమ్మట ప్రపంచ బ్యాంకు ఋణసాహాయ్యముతో ఆ నగరమున తీగలను భూగర్భమునకు మార్చు పని చేపట్టిరి. నేలలోని కేబులును గాలి తాకదు, చెట్టుకొమ్మ తెంపదు. అయితే ఒక చిక్కు గలదు. అది చెడినపుడు చెడిన చోటు కంటికి కనబడదు. పరికరములతో వెదకి, నేల త్రవ్వి, అతుకవలెను. కావున కేబులును ఒక కొసనుండి మాత్రమే గాక, వలయముగ త్రిప్పి రెండు కొసలనుండి కరెంటు వచ్చునట్లు కట్టవలెను. ఒక చోట చెడినను, ఆ ముక్కను విడదీసి రెండవవైపునుండి ఇండ్లకు కరెంటు ఇయ్యవచ్చును. కాలనీకి వచ్చు పెద్దలైనును సాధ్యమైనచోట రెండు వేర్వేఱు సబ్‌స్టేషనులనుండి వచ్చునట్లు చూచుట మేలు.

ఇంత పని యేల, ఒక డీసెలు జనరేటరు పెట్టిన చాలదా యని కొందఱందురు. జనరేటరు కావలసినదే. ఆసుపత్రికి, నీటిపంపునకు, వీధిదీపములకు అది ప్రాణాధారము. కాని ఒక లీటరు డీసెలుకు సుమారు మూడు, మూడున్నర యూనిట్లే వచ్చును. ఇండ్లన్నిటికి ప్రతిదినము దానితో కరెంటిచ్చుట, కాలువ గండి పూడ్చక బిందెలతో పొలము తడుపుట వంటిది.

ఇంటిపైకప్పున సౌరఫలకములు పెట్టిన కరెంటు పోదని మఱికొందఱి నమ్మకము. ఇందులో తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు. లైనుతో జోడింపబడి, బ్యాటరీ లేని సౌరయంత్రము, లైనులో కరెంటు పోయినంతనే తానును ఆగిపోవును. స్తంభముపై పనిచేయు లైన్‌మేను ప్రాణము కాపాడుటకే అట్లు నిర్మింపబడినది. పగలు కాలనీ బిల్లు తగ్గించుట కది మంచిదే. రాత్రి దీపము కావలెనన్నచో బ్యాటరీ యుండవలెను. 12 వోల్టుల, 150 ఆంపియరు-గంటల బ్యాటరీలో 1.8 యూనిట్లు పట్టును. దానిని పూర్తిగ ఖాళీచేయకుండ రెండు ఫ్యానులు, నాలుగు చిన్న దీపములు నాలుగైదు గంటలు నడుపవచ్చును. జ్వరముతో నున్న బిడ్డ కది చాలును. అయితే ఇన్వర్టరునుగాని, జనరేటరునుగాని తెలిసినవానిచే, లైనును విడదీయు స్విచ్చితో సహా పెట్టించుకొనవలెను. తప్పుగ కలిపినచో మన యింటి కరెంటు వెనుకకు పోయి లైన్‌మేనును చంపగలదు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఏ కాలనీలో కరెంటు ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎన్ని ఇండ్లకు పోయినదో లెక్కయుండదో అచ్చట బాగుపడుటయు నుండదు. "ఎప్పుడూ పోతూనే ఉంటుంది" అన్న మాటకు ఏ యధికారియు నిధులు మంజూరు చేయలేడు. ఒక దృష్టాంతము చెప్పెదను. 200 ఇండ్ల కాలనీలో ఒక నెలలో మూడుసార్లు కరెంటు పోయినదనుకొందము. మొదటిసారి 200 ఇండ్లకు 2 గంటలు. రెండవసారి చివరి వరుసలోని 40 ఇండ్లకు 10 గంటలు. మూడవసారి వేఱొక 50 ఇండ్లకు 4 గంటలు. గుణించి కలిపిన 400, 400, 200, మొత్తము 1,000. దానిని 200చే భాగించిన ఇంటికి సగటున 5 గంటలు. విద్యుత్ సంస్థల నిలుకడను లోకమంతటను కొలుచు పద్ధతి యిదియే.

కాని సగటు నమ్మి నిద్రపోరాదు. చివరి వరుసవారు నిజమునకు 12 గంటలు చీకటిలో నుండిరి. మొదటి వరుసవారు రెండు గంటలే. సగటు చూచినవానికి శివారువాని కష్టము కనబడదు. అందుచేత లెక్కను బ్లాకులవారీగ వ్రాయవలెను. మూడు నెలలు ఇట్లు వ్రాసిన పుస్తకమును తెఱచిన ఇంజనీరునకు ఏ ట్రాన్స్‌ఫార్మరు మార్చవలెనో, ఏ కేబులు లావుచేయవలెనో తనంత తానే తెలియును. పనుల వరుసయు ఏర్పడును: ముందు అతుకులు, ఎర్తులు, నూనె సరిచూచుట, పిమ్మట మూడు ఫేజులపై ఇండ్లను సమముగ పంచుట, పిమ్మట చాలని ట్రాన్స్‌ఫార్మరును, కేబులును మార్చుట, అటుపిమ్మట రెండవ త్రోవ, చివరకు జనరేటరు. మొదటి రెండింటికి ఖర్చు స్వల్పము. మనము తఱచు చివరిదానితో మొదలుపెట్టుచుందుము.

చట్టమేమి చెప్పుచున్నదని మీరడుగవచ్చును. 2003 విద్యుత్ చట్టము క్రింద 2020లో వినియోగదారుల హక్కుల నియమములు వచ్చినవి. పంపిణీ సంస్థ ఇరువదినాలుగు గంటలు సరఫరా చేయవలెననియు, నిలుకడకు నియంత్రణ మండలి కొలతలు ఏర్పఱుపవలెననియు, కొన్ని లోపములకు పరిహార మీయవలెననియు అవి విధించుచున్నవి. కాని క్వార్టరులోని కుటుంబము సాధారణముగా ఆ సంస్థకు నేరుగ వినియోగదారు కాదు. నడుమ సైనికశాఖ యున్నది. కావున ఊరిలోనివానికి దొరకు దారి అతనికి నేరుగ దొరకకపోవచ్చును. అందుకే లోపలి ఫిర్యాదు పుస్తకమునకు ఇంత విలువ.

ఇక మన పని. కోడలు టెలిఫోను చేసినపుడు "అయ్యో" యని యూరకుండక నాలుగు ప్రశ్న లడుగుడు. ఎన్ని గంటలకు పోయినది? ఊరిలో ఉన్నదా? ఒక్క యిల్లా, బ్లాకంతయునా? ఫిర్యాదు పుస్తకమున వ్రాసితివా, నంబరు తీసికొంటివా? పేరు చెడునను జంకుతో వ్రాయని కుటుంబములు గలవు. భర్తకు చెడ్డపేరు వచ్చునని భయపడుదురు. "వ్రాయుట తప్పు కాదమ్మా, ఇరుగుపొరుగు కలిసి వ్రాయండి" అని పెద్దవారు చెప్పినచో వారికి ధైర్యము కలుగును. పటాలములలో సైనిక సమ్మేళనము జరుగు నాచారము గలదు. అందు సాధకబాధకములు చెప్పుకొన వచ్చును. అచ్చట వట్టి మొఱకంటె మూడు నెలల లెక్క బలమైనది.

క్వార్టరులోనివారికిని ధర్మము గలదు. ఫ్యూజు పోయినపుడు లావుపాటి తీగ చుట్టరాదు. ఫ్యూజు ఇంటికి కాపలావాడు. వానిని కట్టివేసినచో మంట ట్రాన్స్‌ఫార్మరువఱకు పోవును. అనుమతి లేని హీటర్లను ప్రక్కదారిని తగిలింపరాదు. పైవాడు దొంగతూము పెట్టిన శివారువాని పైరు ఎండుననుట మనకు తెలిసినదే గదా.

మీ కొడుకు సెలవుపై ఇంటికి వచ్చినపుడు ఈ సంగతులు మాట్లాడుడు. తిరిగి పోవునపుడు కోడలి చేతికి ఒక నోటుపుస్తకము నిచ్చి పంపుడు. తేది, పోయిన వేళ, వచ్చిన వేళ, ఎన్ని ఇండ్లు అని నాలుగు గీతలు గీచి యిచ్చిన చాలును. తరువాతి వేసవిలో మీ టెలిఫోను మ్రోగినపుడు, మనుమని బడి ముచ్చటలకే అది మ్రోగుగాక.

సెలవు.